ఉచితంగా ఎవరు నేర్పుతారు?

“ఊరికే ఎవరు నేర్పుతారు భాయ్? తెలియకే అడుగుతున్నాను, వాళ్ళకేమిటి లాభం?”

గుంటూరు నుండి మా బావగారు ఫోనులో వేసిన ప్రశ్న ఇది. ఆయన అక్కడ దర్జీ దుకాణం నడుపుతారు. పెద్ద కుమార్తె బీసీఏ పూర్తిచేసి, ఉద్యోగ ప్రయత్నాల కోసం హైదరాబాదు వచ్చి, మలక్‌పేటలోని మా ఇంట ఉంటున్నది. ఆ వారం ఆయన ముందు రెండు దారులు నిలిచాయి. ఒకటి, అమీర్‌పేటలోని ఒక శిక్షణా సంస్థ. ఆరు నెలల కోర్సు, చివరన ఉద్యోగ హామీ. రుసుము మా బావగారి దుకాణం నాలుగు నెలలు ఆర్జించేంత. హామీ మాత్రం నోటిమాటే, కాగితం మీద లేదు. రెండవది, అమ్మాయి తానుగా కనుగొన్నది: జావాస్క్రిప్ట్‌తో వెబ్ యాప్‌లు తయారుచేసేవారు నెలకొక శనివారం ఉదయం మాదాపూర్‌లో కలుసుకునే ఉచిత సమావేశం. వారు దానిని మీటప్ అంటారు.

శిక్షణా సంస్థల అనుభవం మా ఇంట ఒకసారి అయింది. మా పెద్దబ్బాయి కోసం ఒకచోట రుసుమంతా ముందే చెల్లించాము. మూడవ నెలలో బోధకుడు మారాడు, నాలుగవ నెలలో తలుపుకు తాళం పడింది. ఇది తెలిసి కూడా బావగారి మనసు డబ్బు తీసుకునే చోటువైపే మొగ్గింది. డబ్బు ఇచ్చినచోట నిలదీసే హక్కు ఉంటుందని ఆయన వాదన. ఉచితంగా పిలిచేవాడి వెనుక ఏదో మతలబు ఉంటుందని ఆయన అనుమానం. ఆడపిల్ల సంగతి కనుక ఆ అనుమానం రెట్టింపయింది. దానిని మేము తప్పుపట్టలేము. మన కుటుంబాలలో తండ్రులు ఇలాగే ఆలోచిస్తారు, అలా ఆలోచించవలసిన కారణాలు కూడా వారికి ఉన్నాయి.

చివరకు ఒక ఒప్పందం కుదిరింది. “మీరు స్వయంగా వెళ్ళి చూసి చెప్పండి. రుసుము కట్టడానికి నెలాఖరు వరకు గడువున్నది” అన్నారు. కంప్యూటరు విద్యకు మేము పూర్తిగా కొత్తవారము. అయినా బయలుదేరాము.

మలక్‌పేటలో మెట్రో ఎక్కితే అమీర్‌పేటలో దిగి నీలిరంగు మార్గపు రైలు మారాలి. ఆ మారే చోట, స్టేషను మెట్ల కింద, కరెంటు స్తంభాల నిండా శిక్షణా సంస్థల ప్రకటనలే. దారిలో అమ్మాయిని అడిగాము, అసలు ఈ జావాస్క్రిప్ట్ ఏమిటని. దర్జీ కూతురు కనుక దర్జీ భాషలోనే చెప్పింది.

“మామూ, వెబ్ పేజీని ఒక కుర్తా అనుకోండి. గుడ్డ కత్తిరించి కుట్టిన ఆకారం హెచ్‌టీఎంఎల్. రంగు, అల్లిక, అంచు సీఎస్‌ఎస్. గుండీలు, జిప్పు, జేబు, అంటే తెరిచేవి, మూసేవి, దాచేవి, అవన్నీ జావాస్క్రిప్ట్.”

రైలు టిక్కెటు తీసుకునేటప్పుడు మనం తేదీ నొక్కగానే రైళ్ళ జాబితా మారడం, పరీక్ష ఫలితాల పేజీలో నంబరు తప్పు కొడితే వెంటనే ఎర్ర అక్షరాలు కనిపించడం, ఇవన్నీ దాని పనే. ఆ భాష పుట్టుక కూడా ఒక విచిత్రమే. 1995 మే నెలలో, అమెరికాలోని నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ అనే ఇంజనీరు దాని తొలి రూపాన్ని పది రోజులలో తయారుచేశారు. మొదట మోకా అని, తరువాత లైవ్‌స్క్రిప్ట్ అని పిలిచి, ఆ సంవత్సరం డిసెంబరులో జావాస్క్రిప్ట్ అని పేరు పెట్టారు. అప్పట్లో జావా అనే వేరొక భాష పేరు మారుమోగుతుండటం వల్ల ఈ పేరు వచ్చింది కానీ, ఇవి రెండూ ఒక్కటి కావు. పది రోజుల తొందర ఆనవాళ్ళు నేటికీ ఉన్నాయి. నెలలను లెక్కించేటప్పుడు ఆ భాషకు జనవరి ఒకటి కాదు, సున్నా. ఇది జావా నుండి తెచ్చుకున్న అలవాటట. కొత్తగా నేర్చుకునేవారు ఫిబ్రవరిలో జరగవలసిన దానిని మార్చిలో పెట్టి తలపట్టుకోవడం మామూలేనని అమ్మాయి నవ్వింది. 1997లో దీనికి ఒక అంతర్జాతీయ ప్రమాణం ఏర్పడింది. నాటి నుండి భాష నియమాలు ఏ ఒక్క కంపెనీ చేతిలోనూ లేవు. నేర్చుకోవడానికి ఎవరికీ రుసుము కట్టనక్కరలేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు. ఫోనులో, కంప్యూటరులో ఉన్న ప్రతి బ్రౌజరుకూ ఆ భాష తెలుసు.

ఈ మాట విన్నప్పుడు బావగారి ప్రశ్న మాకు మరోవైపు నుండి తోచింది. భాషే ఉచితమైనప్పుడు ఆరు నెలల కోర్సువారు అమ్ముతున్నది దేనిని?

మేడమీది గదిలో

సమావేశం ఒక కంపెనీ కార్యాలయపు ఐదవ అంతస్తులో. శని ఆదివారాలు ఖాళీగా ఉండే గదిని ఆ కంపెనీ ఇచ్చింది, టీ, సమోసాలు కూడా వారివే. గేటు వద్ద ముందుగా నమోదు చేసుకున్న పేర్ల జాబితా చూసి, గుర్తింపు కార్డు తనిఖీ చేసి లోపలికి పంపారు. మా పేరు కూడా అమ్మాయి ముందే నమోదు చేయించింది. “వీరు మా మామూ, ప్రోగ్రామర్ కారు” అని పరిచయం చేస్తే నిర్వాహకులలో ఒకరు ఏ వింతా కనబరచక, “రండి సార్, కూర్చోండి” అన్నారు.

నమోదు చేసుకున్నవారు నూరు మంది పైగా ఉన్నారట, వచ్చినవారు యాభై మంది ఉండవచ్చు. ఉచితానికి ఉన్న లోపం ఇదేనని నిర్వాహకుడే చెప్పారు: రాకపోయినా పోయేదేమీ లేదు కనుక చాలామంది రారు. స్త్రీలు పదిమందికి మించి లేరు. శిరోవస్త్రం ధరించినవారు మా అమ్మాయి కాక మరొకరు. ఆ రెండవ అమ్మాయి టోలిచౌకి నుండి రెండు బస్సులు మారి వచ్చింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నాక మా భుజాల మీది బరువు కొంత దిగింది.

గోడమీద ప్రవర్తనా నియమావళి అతికించి ఉన్నది. ఎవరినీ కులం, మతం, లింగం, రూపం పేరిట నొప్పించరాదు. అనుమతి లేక ఫోటో తీయరాదు. ఇబ్బంది కలిగితే ఫలానా ఇద్దరికి చెప్పాలి. ఆ ఇద్దరి ఫోటోలు కూడా కింద ఉన్నాయి. మేము ఆ కాగితాన్ని ఫోటో తీసి వెంటనే గుంటూరు పంపాము. ప్రసంగాలలో మాకు బోధపడింది తక్కువే అయినా, ఈ కాగితం మాత్రం పూర్తిగా అర్థమయింది.

మొదటి ప్రసంగం, వెబ్ పేజీ ఫోనులో ఎందుకు బిగుసుకుపోతుందన్న అంశంపై. చెప్పిన యువకుడు ఇంగ్లీషులో మొదలుపెట్టి, మధ్యలో తెలుగులోకి, హిందీలోకి జారుతూ సాగాడు. సారాంశం మాకు అందినంతవరకు ఇది. బ్రౌజరులో జావాస్క్రిప్ట్ ఒకే దర్జీ ఉన్న దుకాణం వంటిది. అతడు షేర్వాణీ కుడుతూ కూర్చుంటే, గుండీ కుట్టించుకోవడానికి వచ్చిన మనిషి గుమ్మంలో నిలబడవలసిందే. తెర సాఫీగా కదలాలంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మారాలి, అంటే ఒక్కొక్క మారుకు దర్జీకి దొరికే సమయం 16 మిల్లీసెకన్ల చిల్లర. ఏ పనైనా 50 మిల్లీసెకన్లు దాటితే దానిని దీర్ఘమైన పనిగా లెక్కిస్తారు. కార్యాలయంలోని ఖరీదైన ల్యాప్‌టాప్‌లో కన్నుమూసి తెరిచేలోగా అయ్యే పని, తక్కువ ధర ఫోనులో ఎన్నో రెట్ల సమయం తీసుకుంటుంది. “మీరు తయారుచేసినది మీ ల్యాప్‌టాప్‌లో చూసి సంతోషపడకండి, మీ ఇంట్లో అందరికంటె పాత ఫోను తీసుకుని దానిలో చూడండి” అన్నాడు. స్కాలర్‌షిప్ దరఖాస్తు పేజీలో నొక్కిన గుండీ పనిచేయక, మళ్ళీ మళ్ళీ నొక్కి, మూడుసార్లు నమోదైన కథలు మన ఇళ్ళలో ఎన్ని లేవు! తప్పు మన వేలిదేనని ఇంతకాలం అనుకున్నాము.

రెండవ ప్రసంగం నిజం చెప్పాలంటే ప్రకటన. ఒక కంపెనీ ఉద్యోగి తమ సరుకును అరగంట పొగిడి కూర్చున్నారు. గది ఇచ్చినవారి బాకీ తీర్చుకోవడం అనుకోవాలి. ఆ అరగంటలో సగంమంది ఫోన్లు చూసుకున్నారు. ఉచితమన్నదానికి ఎక్కడో ఒకచోట ధర ఉంటుందన్న బావగారి మాట ఆ మేరకు నిజం.

అసలు విలువ టీ సమయంలో కనిపించింది. అమ్మాయి నాలుగు రోజులుగా తేలని ఒక చిక్కును పట్టుకు వచ్చింది. ల్యాప్‌టాప్ తెరిచి చూపగానే ముగ్గురు చుట్టూ చేరారు. ఒకతను ఏమీ చెప్పకుండా, “ఈ వరుసలో ఏమి వస్తుందనుకుంటున్నారు? ముద్రించి చూడండి” అన్నాడు. ఆమె అనుకున్నది వేరు, వచ్చినది వేరు. పది నిమిషాలలో చిక్కు విడిపోయింది. జవాబు ఆమె నోటినుండే వచ్చేలా చేసిన ఆ యువకుని ఓర్పును చూసి మాకు మా పాత గురువులు గుర్తుకు వచ్చారు. అతడు ఏ కంపెనీలో పనిచేస్తాడో, పేరేమిటో మేము అడగనే లేదు. తిరుగుదారిలో గుర్తొచ్చింది.

ఒంటిగంటకు సభ ముగిసింది. అనువైన సమయమే, జుహర్ నమాజుకు ఇబ్బంది కలగలేదు. శీతకాలంలో సాయంత్రం పెట్టే సభలైతే మగ్రిబ్ మధ్యలో పడుతుంది, అలాంటప్పుడు ముందే నిర్వాహకులకు చెబితే ఖాళీ గది చూపుతామన్నారు.

వారికేమిటి లాభం?

బావగారి ప్రశ్నకు జవాబు చెప్పవలసి ఉన్నది. నిర్వాహకులను నేరుగానే అడిగాము. ఒకరు, “నేనూ ఇలాంటి చోటే నేర్చుకున్నాను” అన్నారు. మరొకరు కొంచెం ముక్కుసూటిగా, “మా కంపెనీకి మనుషులు కావాలి సార్, ఇక్కడ నాలుగు నెలలు చూసిన మనిషిని పరీక్ష పెట్టకుండానే అంచనా వేయగలను” అన్నారు. రెండు జవాబులూ మాకు నచ్చాయి, రెండవది మరింత. దాపరికం లేని లాభం మీద నమ్మకం పెట్టవచ్చు.

ఈ రివాజు ఇప్పటిది కాదు. 1975 మార్చి 5న అమెరికాలోని మెన్లోపార్క్‌లో ఒక ఇంటి కారు గ్యారేజీలో కొందరు ఔత్సాహికులు చేరి హోంబ్రూ కంప్యూటర్ క్లబ్ మొదలుపెట్టారు. ఆ తొలి సభకు వచ్చినవారిలో స్టీవ్ వోజ్నియాక్ ఒకరు. తాను రూపొందించిన కంప్యూటరు నమూనా పటాలను ఆయన అక్కడి సభ్యులకు ఉచితంగానే పంచారు. తరువాత ఆపిల్ సంస్థ తొలి కంప్యూటరు అయినది అదే.

మీటప్ అన్న మాట ఇంతగా వాడుకలోకి రావడానికి కారణమైన సంస్థ 2002లో న్యూయార్కులో పుట్టింది. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత నగరంలో ఇరుగుపొరుగువారు ఒకరినొకరు పలకరించుకోవడం చూసి, ముక్కుమొహం తెలియని మనుషులు ఎదురెదురుగా కలుసుకునే ఏర్పాటు కావాలని దాని స్థాపకులలో ఒకరైన స్కాట్ హైఫర్‌మాన్‌కు తోచిందట. ఆ దాడుల తరువాత అనేక దేశాలలో ముస్లిం కుటుంబాలు ఎంతటి అనుమానపు చూపులను మోయవలసి వచ్చిందో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. ఆ రోజుల నుండే ఇలాంటి ఆలోచన ఒకటి పుట్టిందని తెలిసి మేము కొంతసేపు ఆలోచనలో పడ్డాము.

జావాస్క్రిప్ట్ చరిత్రలో పెద్ద మలుపులు కొన్ని ఇటువంటి సభలలోనే వచ్చాయి. వెబ్ పేజీల తయారీని ఎంతో సులువు చేసిన జేక్వెరీని జాన్ రెసిగ్ 2006 జనవరిలో న్యూయార్కులోని బార్‌క్యాంప్‌లో ప్రకటించారు. ముందుగా కుదిరిన వక్తలు లేకుండా, వచ్చినవారే మాట్లాడే సభ అది. బ్రౌజరులోనే మెదిలే ఈ భాషను సర్వరు మీదికి తెచ్చిన నోడ్‌ను ర్యాన్ డాల్ 2009 నవంబరులో బెర్లిన్‌లో, జావాస్క్రిప్ట్ పనివారి సదస్సులో చూపారు. 2013 మేలో ఫేస్‌బుక్ ఇంజనీర్లు రియాక్ట్‌ను అలాంటి సదస్సులోనే బయటపెడితే, మొదట చాలామందికి అది నచ్చలేదు, పెదవి విరిచారు. నేడు ఉద్యోగ ప్రకటనలలో ఎక్కువగా కనిపించే పేరు అదే.

ఇదంతా గుంటూరుకు ఫోనులో చెప్పాము. బావగారు విని, “సరే, ఆ కోర్సువాళ్ళను హామీ రాసి ఇమ్మంటాను” అన్నారు. అడిగారు. వారు రాసి ఇవ్వలేదు. నెలాఖరు గడువు వచ్చింది, పోయింది. తరువాతి నెల సభకు తానే వస్తానని కబురు చేశారు. ఉద్యోగ హామీ ఉన్న కోర్సులన్నీ మోసమని మేము అనడం లేదు. వరుసగా, క్రమశిక్షణతో నేర్పే మంచి బోధకులు ఉన్నారు, మీటప్ అటువంటి పాఠశాల కాదు. నెలకు మూడు గంటలు వింటే ఎవరికీ భాష రాదు. మిగిలిన రోజులన్నీ ఇంట కూర్చుని, మొజిల్లావారి ఎమ్‌డీఎన్ పేజీలు చదువుతూ, ఫ్రీకోడ్‌క్యాంప్ పాఠాలు చేస్తూ, తప్పులు చేసి దిద్దుకుంటూ గడపవలసిందే. ఈ రెండూ ఉచితమే. ఒంటరిగా నేర్చుకునేవారికి దొరకనిది, తాము సరైన దారిలో ఉన్నామో లేదో చెప్పే మనిషి. ఆ మనిషి కోసమే ఆ మేడ ఎక్కడం.

పేరులో పోయిన అక్షరం

సభ చివర ఐదేసి నిమిషాల చిన్న ప్రసంగాలు ఉంటాయి. ఎవరైనా పేరు ఇవ్వవచ్చు. మా అమ్మాయి పేరు ఇచ్చింది. ఏ విషయం అని అడిగితే, “అబ్బా పేరు” అన్నది.

మా బావగారి పేరు మొహియుద్దీన్. కొంతకాలం క్రితం తెలుగులో నింపవలసిన ఒక ఆన్‌లైన్ దరఖాస్తులో ఆ పేరు కొడితే, ముద్రణలో ‘మొహియుద్దీ’ అని వచ్చింది. చివరి పొల్లు నకారం మాయమైంది. మిగతా పత్రాలలోని పేరుతో ఇది సరిపోలలేదని తిప్పి పంపారు. నోటరీ, ప్రమాణపత్రం, రెండుసార్లు కార్యాలయం చుట్టూ ప్రదక్షిణ, దుకాణం మూసిన రోజులు మూడు. పేరులో ఒక అక్షరం తేడా మన కుటుంబాలకు ఎంతటి తలనొప్పో పాఠకులు ఎరుగుదురు. గుమాస్తా తప్పు కొట్టాడని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. కూతురు మాత్రం అది గుమాస్తా పని కాదేమోనని మనసులో పెట్టుకుంది.

రెండవ నెల సభకు బావగారు తెల్లవారుజామున రైలు పట్టుకుని వచ్చారు. వెనుక వరుసలో మా పక్కన, ఇస్త్రీ చేసిన తెల్ల కుర్తాలో, చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్నారు.

అమ్మాయి తెరమీద ‘అమ్మ’ అని రాసి, ఇందులో ఎన్ని అక్షరాలని అడిగింది. రెండు అన్నారు అందరూ. జావాస్క్రిప్ట్‌ను అడిగితే నాలుగు అని చూపింది. అ, మ, పొల్లు గుర్తు, మళ్ళీ మ. ఒత్తుగా మనకు కనిపించేది కంప్యూటరు లోపల మూడు ముక్కలు. తరువాత ‘స్త్రీ’ అని రాసింది. మన కంటికి ఒకే అక్షరం, యంత్రానికి ఆరు. గదిలో నవ్వులు. ఆపైన ‘మొహియుద్దీన్’. మనం చదివేవి ఐదు అక్షరాలు: మొ, హి, యు, ద్దీ, న్. యంత్రం లెక్కలో పన్నెండు. పేరు గడికి పది అని హద్దు పెడితే ఏమవుతుందో చూపింది. తెరమీద ‘మొహియుద్దీ’ వచ్చి నిలిచింది. హద్దు పదకొండుకు పెంచితే ‘మొహియుద్దీన’, పొల్లు లేదు.

ఇంగ్లీషు అక్షరాలను మనసులో పెట్టుకుని పది చాలులే అనుకున్నవారెవరో, తెలుగులో దాని అర్థం నాలుగు అక్షరాలని ఎరుగరు. ప్రపంచ భాషలన్నిటికీ సంఖ్యలు కేటాయించే యూనికోడ్ ప్రమాణంలో 1991 నుండే తెలుగుకు 128 గడుల చోటు ఉన్నది. గుణింతపు గుర్తులకు, పొల్లుకు వేరు వేరు గడులు. ఇది లోపం కాదు, తెలుగు లిపి నిర్మాణం అది. లోపమల్లా లెక్కించే పద్ధతిలో ఉన్నది. చదువరి కంటికి కనిపించే అక్షరాలను లెక్కపెట్టడానికి సెగ్మెంటర్ అనే సాధనం ఆ భాషలోనే ఉన్నదని, దానిని వాడి గడి హద్దు పెట్టవచ్చునని ఆమె చూపింది.

ఐదు నిమిషాలు అయిపోయాయి. మా గుండె కొట్టుకున్నది ఆ తరువాతే, ప్రశ్నల సమయంలో. నెరిసిన గడ్డం గల ఒక పెద్ద ఇంజనీరు లేచి, “బాగుంది, అయితే ఒక మాట. ఫైర్‌ఫాక్స్‌లో ఈ సాధనం 2024లోగాని రాలేదు. పాత బ్రౌజర్లలో ఒత్తును ఇది రెండుగా చీల్చి లెక్కించవచ్చు. దానికేం చేస్తారు?” అని అడిగారు. అమ్మాయి ముఖం పాలిపోయింది. ఒక్క క్షణం ఆగి, “నాకు తెలియదు సార్. చూసి వచ్చే నెల చెబుతాను” అన్నది. ఆయన, “నాకూ పూర్తిగా తెలియదమ్మా, కలిసి చూద్దాం” అని కూర్చున్నారు. తెలియదన్న మాటకు గదిలో ఎవరూ నవ్వలేదు. ఆ గదిలో మాకు అన్నిటికంటె గొప్పగా తోచినది ఇదే.

మరొకరు అడిగిన ప్రశ్న కూడా చెప్పదగినదే. “దరఖాస్తులలో జనం ఇచ్చే పేర్లు, వివరాలు పరీక్ష కోసం మీరు ఎక్కడ దాచారు?” అమ్మాయి, తన తండ్రి పేరు తప్ప మరెవరి పేరూ వాడలేదని, అది కూడా తన కంప్యూటరు దాటి పోలేదని చెప్పింది. ఇతరుల వివరాలు మన చేతిలో ఉంటే అవి అమానతు. ఈ విచారణ ఇంజనీర్ల నోట వినడం మాకు సంతోషం కలిగించింది.

టీ వద్ద ఆ పెద్దాయన బావగారి దగ్గరకు వచ్చి, “మొహియుద్దీన్ గారు మీరేనా?” అని చేయి కలిపారు. బావగారు మాట తడబడి, అలవాటు కొద్దీ ఆయన చొక్కా కాలరు కుట్టు వైపు చూశారు. తరువాత ఇద్దరూ చొక్కాల గురించే పావుగంట మాట్లాడుకున్నారు.

ఇది రాస్తున్న నాటికి అమ్మాయికి ఉద్యోగం రాలేదు. రెండుచోట్ల ఇంటర్వ్యూలు అయ్యాయి, ఒకచోట కాదన్నారు, మరొకచోటి నుండి కబురు రావలసి ఉన్నది. టోలిచౌకి అమ్మాయితో కలిసి ప్రతి ఆదివారం మా ఇంటి ముందుగదిలో కూర్చుని పనిచేస్తున్నది. గుంటూరులో ఇలాంటి సభ ఉంటే బాగుండునని ఆమె చదివిన కళాశాల అధ్యాపకులొకరితో బావగారే స్వయంగా మాట్లాడి వచ్చారు. శనివారం మధ్యాహ్నం ల్యాబు తెరిచి ఉంచడానికి వారు ఒప్పుకున్నారు. ఎంతమంది వస్తారో చూడాలి. గ్యారేజీతో మొదలైనవారు ఉన్నారు కదా.

ఈ మాట విని, మా పిల్లలనూ పంపాలా అని ఇరుగుపొరుగు తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతున్నారు. మేము చెప్పేది ఒక్కటే: మొదటిసారి వెంట వెళ్ళండి. చిరునామా నలుగురు మసలే కార్యాలయమేనా, గేటు వద్ద పేరు రాసుకుంటున్నారా, నియమావళి గోడ మీద ఉందా, సభ ఎన్నింటికి ముగుస్తుంది, ఇవి చూడండి. డబ్బు అడిగినా, ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగినా లేచి వచ్చేయండి. ప్రసంగాలు అర్థం కాకపోతే సిగ్గుపడనక్కరలేదు, మాకూ సగం అర్థం కాలేదు.

ఆనాడు తిరుగుదారిలో, అమీర్‌పేటలో రైలు మారేటప్పుడు, బావగారు ఆ ప్రకటనల స్తంభాలను చూడనైనా చూడలేదు. రైలు కదిలాక వేళ్ళు మడుస్తూ ఏదో లెక్కపెట్టుకుంటున్నారు.

“బేటీ, గుంటూరులో మూడే కదా?” అన్నారు.

“ఏడు, అబ్బా.”

ఆయన మళ్ళీ మొదటినుండి లెక్కపెట్టడం ప్రారంభించారు.